పలకని జన్యువుల జాడ తెలిసిన మార్కండేయులు గారు

1990వ సంవత్సరం జూలై పదహారవ తేదీ, సోమవారం ఉదయం, పెనుకొండ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకులుగా శ్రీ మార్కండేయులు గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు నలభై. సాధారణంగా ఆ వయస్సులో ఉపన్యాసకులు పాత నోట్సు మీద ఆధారపడడం మొదలుపెడతారు. మార్కండేయులు గారు మాత్రం ఆ వయస్సులో కొత్తగా చదవడం మొదలుపెట్టారు. నేడు, 2008 జూలై 31న, మన హిందూపురం డిగ్రీ కళాశాల ఉప ప్రధానాచార్యులుగా పదవీ విరమణ చేస్తున్న ఆ మహనీయుని అధ్యాపక జీవితాన్ని స్మరించుకొనే భాగ్యం ఈ సంచిక ద్వారా మనకు కలిగింది.

ధర్మవరంలో పట్టుమగ్గం నేసే కుటుంబంలో వారు జన్మించారు. తండ్రి మగ్గం గుంటలో కూర్చుంటే, అన్నం వేళ వరకు ఆయనకు ఎదురుగా కూర్చొని పాఠం అప్పజెప్పడం వారి బాల్యాభ్యాసం. డిగ్రీ ముగియగానే కొత్తచెరువు ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయులుగా చేరి, అక్కడ పనిచేస్తూనే ప్రైవేటుగా స్నాతకోత్తర విద్య పూర్తిచేసి, పదోన్నతిపై పెనుకొండకు వచ్చారు. పాఠశాలలో పద్దెనిమిదేళ్లు చిన్నపిల్లలకు చెప్పిన అలవాటు వల్ల కాబోలు, ఎంత గహనమైన విషయాన్నైనా మొదటి బెంచీలోని వానికీ, చివరి బెంచీలోని వానికీ ఒకేసారి అందేటట్లు చెప్పగలగడం వారికి చివరివరకూ నిలిచిన వరం.

పెనుకొండలో వారి పాఠం విన్నవారు నేటికీ ఒక దృశ్యాన్ని చెప్పుకుంటారు. కణం గురించి చెబుతూ చెబుతూ, సుద్దముక్క చేతిలోనే ఉండగా, వారు ఒక్కసారిగా నిలబడిపోయేవారట. "కంటిలోని కణానికీ, కాలేయంలోని కణానికీ, గోరు కింది కణానికీ లోపల ఉండే జన్యువులు ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటే! మరి కన్ను కన్ను ఎట్లయింది? కాలేయం కాలేయం ఎట్లయింది? యాడ ఏ జన్యువు పలకాల, ఏది నోరు మూసుకోవాల, అదంతా ఒక ఏర్పాటు ప్రకారం జరుగుతాంది" అని చెప్పి, ఆ మాటకు తామే మొదటి శ్రోత అయినట్లు ఆశ్చర్యపడేవారు. ఒకనాడు ఒక విద్యార్థిని లేచి, "ఆ ఏర్పాటు చేసేదెవరు సార్?" అని అడిగింది. "దాన్నే తెలుసుకుంటాండారు తల్లీ, ప్రపంచమంతా. రోజుకింత బయటపడతాంది. నేనూ నీ మాదిరే కాచుకోని ఉండా" అన్నారు మార్కండేయులు గారు.

1994లో స్వగ్రామమైన ధర్మవరానికి బదిలీ అయింది. రోగనిరోధక వ్యవస్థపై, విశేషించి టి-కణాలపై, వారికి గల ఆసక్తి ఆ కాలంలోనే తపస్సుగా పరిణమించింది. సెలవు వచ్చిందంటే తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరుకొని, అక్కడి శాస్త్ర గ్రంథాలయంలో సాయంత్రం దాకా పత్రికలు చదివి, రాత్రి బండికి తిరిగివచ్చేవారు. విశ్వవిద్యాలయంలో పరిశోధకులుగా నమోదై, కోడి పిండాలలో థైమస్ గ్రంథి వికాసంపై సిద్ధాంత గ్రంథం సమర్పించి, 1998లో డాక్టరేటు పొందారు. ఆ ఏడే మన హిందూపురం కళాశాలకు వచ్చారు.

వారు ఎంతగానో ప్రేమించిన ఆ విషయాన్ని కొంచెమైనా చెప్పకుండా వారిని గురించి చెప్పడం సాధ్యం కాదు. ఎముకల మూలుగలో పుట్టిన ఒక లేత కణం రక్తంలో ప్రయాణించి, రొమ్ముటెముక వెనుక గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిని చేరుతుంది. అప్పటికి అది ఏ రకపు కణంగా మారాలో ఇంకా నిశ్చయం కాలేదు. థైమస్ కణాలు దానిని తాకి సంకేతం ఇస్తాయి. ఆ సంకేతంతో దాని లోపల కొన్ని జన్యువులు మేల్కొంటాయి, కొన్ని శాశ్వతంగా మూతబడతాయి. మేల్కొన్నవి మరికొన్నింటిని మేల్కొలుపుతాయి. శరీరాన్ని శత్రువుగా భావించే కణాన్నీ, ఎవరినీ గుర్తించలేని కణాన్నీ థైమస్ అక్కడే తొలగించివేస్తుంది. వచ్చిన వాటిలో అత్యధికం బయటికి రానే రావు. టి-కణాలుగా మిగిలిన కొన్నింటిలో సహాయక కణాలు కొన్ని, సంహారక కణాలు కొన్ని. సహాయక కణాలు పిలిస్తేనే తక్కిన సైన్యం కదులుతుంది. "ఇంత పరీక్ష మన ఐఏఎస్ వాళ్లకు గూడా లేదప్పా" అని మార్కండేయులు గారు స్టాఫ్ రూములో అంటుంటే మేము నవ్వేవాళ్లం. ఆ పాఠం ఒక పసిబిడ్డ ఊపిరికి సంబంధించినదవుతుందని ఆనాడు వారికీ తెలియదు, మాకూ తెలియదు.

2000వ సంవత్సరం వేసవికి ముందు, మన ప్రయోగశాల అటెండరు పోతులయ్య మాట్లాడడం మానేశాడు. నిత్యం ఏదో ఒకటి చెబుతూ గాజు పాత్రలు కడిగే మనిషి, వచ్చి పనిచేసి తలవంచుకొని వెళ్లిపోతున్నాడు. రెండు మూడు రోజులు చూసిన మార్కండేయులు గారు ఒక మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు దగ్గరికి వేసి, స్టూలు జరిపి, "ఏమప్పా పోతులయ్యా, కూర్చో. ఏమైందో చెప్పు" అన్నారు.

పోతులయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"మా నిర్మల కొడుకు సార్, గిరిగాడు. ఎనిమిది నెలలు. పుట్టినకాడ్నుంచీ నోట్లో పూత, బేదులు, దమ్ము. మొదుటి మగబిడ్డ గూడా ఇట్లే పోయినాడు, ఏడాది నిండకముందే. మొన్న రక్తం బెంగుళూరుకు పంపించినారు. రక్తంలో కాపాడే కణాలు పడిపోయినాయంట. ఆడుండే కాంపౌండరు..." అని ఆగి, "ఆ పెద్ద జబ్బేనన్నాడు సార్. మా అల్లుడు లారీ తోల్తాడు గదా. ఊరంతా పాకిపాయ. కుళాయి కాడ మా ఇంటి బిందె పెట్టనీడం ల్యా" అన్నాడు.

పోతులయ్య అల్లుడు తిరుపాల్ వేరెవరో కాదు, పోతులయ్య భార్య వెంకటక్కకు సొంత తమ్ముడు. మేనమామకే నిర్మలను ఇచ్చారు. బత్తలపల్లిలో కాపురం. మాట పుట్టినాక నిర్మల బిడ్డనూ, ఆరేళ్ల కూతురు పవిత్రనూ తీసుకొని హిందూపురం పుట్టింటికి వచ్చేసింది. తిరుపాల్ బండి మీద పోయి మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ సాయంత్రం మార్కండేయులు గారు పోతులయ్య ఇంటికి వెళ్లి, బిడ్డను చూసి, పరీక్షల కాగితం చూశారు. సహాయక కణాలు అతి స్వల్పం. సంహారక కణాలు మాత్రం మామూలే. హెచ్‌ఐవి పరీక్షలో బిడ్డకు ఏమీ లేదనే ఉంది, కానీ ఆ మాటను వీధి నమ్మలేదు. నిజానికి మార్కండేయులు గారు కూడా దానిని పూర్తిగా నమ్మలేకపోయారు. ఆ పరీక్ష వెదికేది శరీరం తయారుచేసుకొనే ప్రతిరక్షకాలను. సహాయక కణాలే లేని బిడ్డ ప్రతిరక్షకాలను ఎట్లా తయారుచేసుకుంటాడు? మరి తల్లికి జబ్బు లేకుంటే బిడ్డకు వచ్చే దారి ఏది? రక్తసంబంధంలో పెళ్లి, ముందొక మగబిడ్డ మరణం, పుట్టుకతోనే ఈ బాధ... బెంగళూరు గ్రంథాలయంలో తాము చదివిన ఒక అరుదైన జబ్బు వారికి జ్ఞప్తికి వచ్చింది. కాగితం మీద చదివి ఆశ్చర్యపోయిన విషయం, ఎదురుగా చాప మీద పడుకొని ఎగపోస్తున్నది.

"అమ్మా నిర్మలా, నేను డాక్టర్ను కాను. నా ఊహ తప్పయినా కావచ్చు" అని ముందుగానే చెప్పారు వారు. "మొదుట నువ్వూ తిరుపాలూ రక్తం చూపించుకోవాల."

"ఆయప్ప రాడు సార్" అంది నిర్మల. బిడ్డ మీది గుడ్డ సర్ది, "మీరు చదివినోళ్లు, మీతో అబద్ధం చెప్పలేను. మా మామ మీద నాకు అనుమానం లేదని చెప్పలేను. ఉండాదనీ చెప్పలేను" అంది.

శాస్త్రానికి తల్లి రక్తం చాలు. కానీ ఆ ఇంటికి ఇద్దరి రక్తమూ కావలసి ఉన్నది. ఆదివారం నాడు మార్కండేయులు గారు బత్తలపల్లి కూడలిలో బస్సు దిగి, లారీలు నిలిపేచోట తిరుపాల్‌ను పట్టుకున్నారు. టైరు పక్కన గొంతుకూర్చొని ఉన్న తిరుపాల్ తల ఎత్తకుండానే అన్నాడు: "ఆ రక్తం చూసే గది గడప తొక్కితే చాలు సార్, లేని జబ్బు గూడా ఉండాదంటారు. ఇంగ నాకు బండెవురిస్తారు? ఆ పొద్దు నుంచీ నాతో కలిసి టీ తాగేవోడు ల్యాడు."

"ఒక్కనివే పోతే అట్లంటారు" అన్నారు మార్కండేయులు గారు. "నేనూ వస్తా పద. నా పేరు ముందు రాయిస్తా."

"మీరెందుకు సార్?"

"నాకు గూడా రక్తముండాది గదబ్బా!"

మరుసటి రోజు ఉదయం, హిందూపురంలో రద్దీగా ఉండే ఒక రక్తపరీక్షా కేంద్రంలో, అందరూ చూస్తుండగా, బల్ల మీద ముగ్గురు వరుసగా కూర్చున్నారు: ఒక లారీ డ్రైవరు, అతని భార్య, వారి నడుమ ఇస్త్రీ చొక్కా వేసుకొన్న ఒక జంతుశాస్త్ర ఆచార్యుడు. చీటీ రాసే అమ్మాయి మార్కండేయులు గారి విద్యార్థిని. "ఏ టెస్టు సార్? షుగరా?" అని అడిగింది. "హెచ్‌ఐవి అమ్మా. ముగ్గురికీ" అన్నారు వారు, గది అంతా వినబడేటట్లు. అమ్మాయి చేతిలోని పెన్ను ఆగిపోయింది. తిరుపాల్ మొట్టమొదటిసారి తల ఎత్తాడు.

ఆ వార్త మధ్యాహ్నానికి కళాశాలకు చేరింది, సాయంత్రానికి వారి వీధికి చేరింది. పక్కింటి ఆవిడ వచ్చి, గొంతు తగ్గించి, వారి శ్రీమతి వెంకటసుబ్బమ్మ గారిని పరామర్శించిందట. "అవునమ్మా, నేనే పొమ్మన్నా. వచ్చే వారం మీ ఆయన్ను గూడా పంపీ, ఇద్దరూ జతగా పోతారు" అని వెంకటసుబ్బమ్మ గారు బియ్యం చెరుగుతూనే సమాధానమిచ్చారు. ఇటువంటి సహధర్మచారిణి లభించడం మార్కండేయులు గారి పూర్వపుణ్యం అని మేమందరం నమ్ముతాం.

ముగ్గురికీ ఏ జబ్బూ లేదని తేలింది. ఆ కాగితాన్ని నిర్మల చదవలేదు, చదివించుకోనూ లేదు. మార్కండేయులు గారి ముఖం చూసి తెలుసుకొని, చంకలోని బిడ్డను తీసి తిరుపాల్ చేతుల్లో పెట్టింది. "ఎత్తుకో మామా. బరువేమీ ల్యాడు" అంది.

అక్కడితో సగం భారం దిగింది, సగం మిగిలింది. మార్కండేయులు గారు ఆ కుటుంబాన్ని వెంటబెట్టుకొని బెంగళూరులోని ఒక పిల్లల వైద్య నిపుణురాలి వద్దకు వెళ్లారు. తమ ఊహను వినయంగా విన్నవించారు. ఆమె శ్రద్ధగా విని, తామూ ఆ దిశగానే ఆలోచిస్తున్నామనీ, బిడ్డ కణాల పైన ఉండవలసిన ఒక గుర్తు ఉన్నదో లేదో చూడాలనీ చెప్పారు. ఫలితం వచ్చిన నాడు ఆమె మార్కండేయులు గారిని లోపలికి పిలిచి కాగితం చూపించారు. ఆ గుర్తు లేదు.

ఆ గుర్తును తయారుచేసే జన్యువులు గిరి శరీరంలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని పలికించవలసిన మరొక మాంసకృత్తు మాత్రం లోపించింది. పలికించేది లేనందున జన్యువులు మూగబోయాయి. అవి మూగబోయినందున థైమస్ కణాల మీద గుర్తు లేదు. గుర్తు లేనందున, దానిని చూసి పెరగవలసిన సహాయక కణాలు పెరగలేదు. మార్కండేయులు గారు వరండాలోకి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డారు. ఇన్నేళ్లుగా వారిని తరగతిలో నిశ్చేష్టులను చేసిన ఆ మహా ఏర్పాటు ఎంత గొప్పదో, అందులో ఒక్కటి తప్పితే ఏమవుతుందో, రెండూ ఒకేసారి కనబడ్డాయి. భయమూ భక్తీ వేరుగా తోచలేదని వారే ఒకసారి అన్నారు.

బయట బల్ల మీద వెంకటక్క కూర్చొని ఉంది. ఆమెకు వారు ఎట్లా చెప్పారో విన్న పోతులయ్య మాకు చెప్పాడు.

"మగ్గం చూసినావు గదా వెంకటక్కా? పోగులన్నీ ఉండాయి, ఒక్కటీ తెగలే. అంచులో బుటా రావాలంటే యా పోగు ఎప్పుడు లేవాల్నో పైనుండే చిల్లుల అట్ట చెప్పాల. ఆ అట్టలో ఒక చిల్లు పూడిపోయింది. అందుకని బుటా పడలే. అంతే."

వెంకటక్క అడిగింది: "ఇంట్లో బిడ్డ ఇంట్లోనే ఉంటాదని మా తమ్మునికే ఇచ్చుకుంటి సార్. అయితే ఇది చేసింది నేనేనా?"

మార్కండేయులు గారు ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నారు. "ప్రతి అట్టా మనిషికి రెండు రెండు ఉంటాయి. నీ కాడ ఒకటి చెడింది, ఒకటి బాగుండాది, అందుకే నీకేమీ కాలే. తిరుపాలుకూ, నిర్మలకూ అంతే. చెడినవి రెండూ ఈ బిడ్డలో వచ్చి చేరినాయి. నీ ఒంట్లో అట్లాంటిదొకటి ఉండాదని నీకు తెలుసునా? నా ఒంట్లో ఏముండాదో నాకే తెలీదు. తెలీనిదాన్ని చేసినానని యాడ్నన్నా అంటారా?" వెంకటక్క అప్పుడు ఏడ్చింది. వారు లేచి వెళ్లలేదు, ఓదార్చనూ లేదు. ఆమె ఏడుపు ముగిసేదాకా పక్కనే కూర్చున్నారు.

మిగిలిన దారి ఒక్కటే: సరిపోయే తోబుట్టువు మూలుగను బిడ్డకు ఎక్కించడం. పవిత్ర మూలుగ సరిపోయింది. వేలూరు ఆసుపత్రికి వెళ్లే ముందు ఆ చిన్నారి మార్కండేయులు గారినే అడిగింది, "నొప్పెడ్తాదా సార్?"

"కొంచెం నొప్పెడ్తాది పాపా."

"తమ్ముడు మంచిగైతాడా?"

"అది నాకు తెలీదు. డాక్టర్లకూ తెలీదు. కావాలనే అందరం చూస్తాండాం."

పవిత్ర ఆలోచించి, "అయితే తీసుకోమను" అంది.

ఆ తరువాతి నెలలు సులభంగా గడవలేదు. గిరికి జ్వరం వచ్చేది, తగ్గేది, ఒళ్లంతా దద్దుర్లు పొంగేవి. ఒక దశలో వైద్యులే ఆశ వదులుకొన్నట్లు మాట్లాడారు. రక్తం కావాలంటే మన కళాశాల అధ్యాపకులూ, విద్యార్థులూ వంతుల వారీగా బండి ఎక్కి వేలూరు వెళ్లి ఇచ్చివచ్చారు. పోయేవారికి మార్కండేయులు గారు ఒకే మాట చెప్పి పంపేవారు: "ఆడుండే వాళ్లకు ధైర్యం చెప్పొద్దండీ. అన్నం తినిపించండి, చాలు."

వర్షాకాలం నడిమధ్యన ఒకరోజు పోతులయ్య పరుగెత్తుకుంటూ తరగతి గది గుమ్మంలోకి వచ్చాడు. పాఠం జరుగుతోంది. ఎవరి అనుమతీ అడగకుండా, "సార్! అక్క కణాలు పిలగాని రక్తంలో కనబడినాయంట సార్!" అన్నాడు. మార్కండేయులు గారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డారు. కొంతసేపటికి వారు ఇటు తిరిగి, కళ్లు తుడుచుకొని, ఆ రోజు పాఠం వదిలిపెట్టి, అక్క ఎముకలలో పుట్టిన కణాలు తమ్ముని రక్తంలో నిలిచి ఏ విధంగా పనిచేస్తాయో చెప్పారు. ఆ గంట విన్నవారిలో ఇద్దరు నేడు వైద్యులు.

గిరి సహాయక కణాలు ఈనాటికీ తోటి పిల్లల కన్నా తక్కువే. థైమస్ అతనిదే కదా, అందులో ఆ గుర్తు ఇప్పటికీ లేదు. అయినా ఉన్నవి చాలుతున్నాయి. ఏటా పరీక్ష ఉంది, జాగ్రత్తలు ఉన్నాయి. బత్తలపల్లిలో మూడో తరగతి చదువుతున్నాడు, అక్కతో రోజూ కొట్లాడుతున్నాడు. ఒక విలేఖరి ఫోటో కోసం వస్తే, "వాడు చూపించే వస్తువు గాదు నాయనా, పిల్లోడు. ఆడుకోనీ" అని మార్కండేయులు గారు కాఫీ ఇచ్చి పంపేశారు.

తదనంతరం వారు ఊరకుండలేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని కొత్తచెరువు, ఓబులదేవరచెరువు మండలాల పల్లెలకు వెళ్లి, పసిబిడ్డలు ఒకే తీరున మరణించిన ఇళ్లలో కూర్చొని, ఎవరినీ తప్పుపట్టకుండా, దగ్గరి చుట్టరికంలో మళ్లీ పెళ్లి తలపెట్టే ముందు వైద్యుని అడగమని చెప్పేవారు. కొందరు విన్నారు, కొందరు తలుపు వేసుకున్నారు. 2006లో ఉప ప్రధానాచార్య పదవి వరించింది. పదవి వచ్చాక కూడా మొదటి సంవత్సరం విద్యార్థులకు కణం గురించిన తొలి పాఠం తామే చెప్పాలని పట్టుబట్టారు. టైంటేబులు వేసే గోవిందరాజులు గారు ఆ ఒక్క విషయంలో వారితో వాదించి ఒక్కసారీ గెలవలేదు. ప్రయోగశాలకు మంచి సూక్ష్మదర్శినులు రావడం, ఈ మారుమూల కళాశాల నుండి ఏటా ఒకరిద్దరు పరిశోధనకు వెళ్లడం వారి కృషి ఫలమే. ఇన్ని చెప్పినా, వారిని తలచుకోగానే మనకు ముందు కనబడేది సాధించిన ఘనత కాదు, ఎన్నిసార్లు చెప్పిన పాఠంలోనైనా మొదటిసారి విన్నట్లు విస్తుపోయే ఆ ముఖం.

మనిషి ఎదిగే కొద్దీ థైమస్ గ్రంథి క్రమంగా కుంచించుకొని కొవ్వుగా మారుతుందనీ, వార్ధక్యంలో దాని ఆనవాలు మాత్రమే మిగులుతుందనీ శాస్త్రం చెబుతున్నది. కానీ చిన్ననాట అక్కడ తమ పని నేర్చుకొని బయటికి వచ్చిన కణాల సంతతి, గ్రంథి కరిగిపోయినాక కూడా, జీవితాంతం కావలి కాస్తూనే ఉంటుంది. మార్కండేయులు గారు రేపటి నుండి మన తరగతి గదులలో కనిపించరు. వారి వద్ద నేర్చుకున్నవారు మాత్రం ఈ మూడు ఊళ్లలోనూ, ఇంకా దూరాన కూడా, పనిలో ఉన్నారు. ధర్మవరం వీధులలో ఆడుకొన్న ఆ బాలుని రొమ్ములో ఏనాడో శిక్షణ పొందిన కణాలు ఏ జ్వరాన్నీ, ఏ నలతనూ దరిచేరనీయక వారిని నిండు నూరేళ్లూ కాపాడుగాక. వెంకటసుబ్బమ్మ గారి సాహచర్యంలో, కొత్త పుస్తకాల నడుమ, ప్రతి ఉదయమూ వారిని ఆశ్చర్యపరచే సంగతి ఒకటి మిగిలి ఉండుగాక అని కళాశాల కుటుంబమంతా మనసారా కోరుకొంటున్నది.